సూరత్ శివార్లకు బస్సు: ఊరూరికీ ఒకటా, పది నిమిషాలకు ఒకటా?

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాల కిందట వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. మరమగ్గాలపై పనిచేసేవారికి సాధారణంగా 12 గంటల షిఫ్టు. అన్ని గంటలు మగ్గాల హోరులో నిలబడి బయటికొచ్చిన మనిషికి బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోతే మిగిలే దారులు రెండే: షేర్ ఆటో ఎక్కడం, లేదా నడిచి వెళ్లేంత దూరంలో ఇరుకు గది అద్దెకు తీసుకోవడం. అందుకే శివారు బస్సు అద్దెలకూ, ఆడవాళ్ల ఉపాధికీ కూడా సంబంధించిన విషయం.

నగరం మాత్రం ఆగకుండా విస్తరిస్తోంది. 2006లో సూరత్ విస్తీర్ణం 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు పెరిగింది. 2020లో మరిన్ని శివారు ప్రాంతాలు కలవడంతో సుమారు 460కి చేరింది. గీత గీసిన మర్నాటి నుంచే ఆ ఊళ్లవాళ్లూ నగరవాసులే. వాళ్లకు బస్సు కావాలి. బస్సులు నడిపే డబ్బు మాత్రం అదే వేగంతో పెరగదు.

కట్టే డబ్బు వేరు, నడిపే డబ్బు వేరు

రవాణా అనగానే మెట్రో గుర్తొస్తుంది. 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన సూరత్ మెట్రో పొడవు 40.35 కిలోమీటర్లు. ఆమోదించిన అంచనా వ్యయం రూ.12,020 కోట్లు. అంటే కిలోమీటరుకు దాదాపు రూ.300 కోట్లు. సర్థానా-డ్రీమ్ సిటీ, భేసాన్-సారోలి అనే రెండు మార్గాలతో శివారంతా అందదు. మిగతా చోట్లకు బస్సే దిక్కు.

2014 జనవరిలో ఉధనా దర్వాజా-సచిన్ పారిశ్రామికవాడ మధ్య మొదలైన బీఆర్‌టీఎస్, అంటే బస్సులకే ప్రత్యేకించిన దారి, తర్వాత 100 కిలోమీటర్లు దాటింది. ఇలాంటి దారులు వేయడానికి, బస్సులు సమకూర్చుకోవడానికి కేంద్ర, రాష్ట్ర పథకాల్లో నిధులు దొరుకుతాయి. వాటిని రోజూ నడపడానికయ్యే నష్టంలో పెద్ద భారం స్థానిక సంస్థ మీదే పడుతుంది.

సూరత్‌లో బస్సులను చూసుకునేది నగరపాలక సంస్థకు చెందిన సిటీలింక్. బస్సు, డ్రైవర్ ప్రైవేటు కాంట్రాక్టరువి. తిరిగిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని సిటీలింక్ అతనికి చెల్లిస్తుంది. టికెట్ డబ్బు సిటీలింక్‌కు వస్తుంది. ప్రయాణికుల కోసం బస్సులు పోటీపడి పరుగెత్తే బెడద ఈ పద్ధతిలో లేదు. అయితే ఖాళీగా తిరిగిన కిలోమీటరుకూ, కిక్కిరిసి తిరిగిన కిలోమీటరుకూ ఖర్చు ఒక్కటే. కాబట్టి ప్రణాళిక వేసేవారి చేతిలో ఉన్న అసలు పెట్టుబడి కిలోమీటర్లే. వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న.

ఇరవై నాలుగు బస్సుల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదిహేను కిలోమీటర్ల మార్గం. ఒకవైపు 50 నిమిషాలు, రెండు చివరలా పదేసి నిమిషాల విరామం. ఒక బస్సు వెళ్లి వచ్చి మళ్లీ బయల్దేరడానికి రెండు గంటలు. గంటకో బస్సు చాలనుకుంటే రెండు బస్సులు సరిపోతాయి. పది నిమిషాలకొకటి కావాలంటే పన్నెండు ఉండాలి.

చేతిలో 24 బస్సులు ఉన్నాయనుకుంటే 12 ఊళ్లకు గంటకొకటి పంపొచ్చు. లేదా రెండే మార్గాల్లో పది నిమిషాలకొకటి నడపొచ్చు. మొదటి పద్ధతిలో పటంలో ఏ ఊరూ ఖాళీగా కనిపించదు, ఏ కార్పొరేటర్‌కూ కోపం రాదు. కానీ ఒక బస్సు తప్పిపోతే గంటసేపు పడిగాపులు పడాలి. నాలుగు రోజులు అలా జరిగితే ప్రయాణికుడు అప్పో సప్పో చేసి మోటార్‌సైకిల్ కొంటాడు. రెండో పద్ధతిలో బస్సులు నిండుతాయి. మిగిలిన పది ఊళ్లకు మాత్రం ఏమీ ఉండదు.

ఈ పేచీని అమెరికాలోని హ్యూస్టన్ నగరం దాచిపెట్టకుండా తేల్చుకుంది. బస్సు సర్వీసుల్లో దాదాపు 80 శాతం జనం ఎక్కువగా ఎక్కే మార్గాలకు, 20 శాతం జనం తక్కువైనా బస్సు తప్పనిసరి అయిన ప్రాంతాలకు అని పాలకమండలి నిర్ణయించింది. 2015 ఆగస్టులో మార్గాలన్నీ ఒకేసారి మార్చేసింది. అదే నిష్పత్తి సూరత్‌కు సరిపోవాలని లేదు. కానీ నిష్పత్తి ఎంతో ముందే చెప్పడం మాత్రం ఎక్కడైనా మంచిదే.

సూరత్‌కున్న అనుకూలతలు

శివారు మార్గాల్లో ఉదయం నగరానికి నిండుగా వెళ్లిన బస్సు తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తుంటుంది. సూరత్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు మారే వేళ ఒకరు పనికి వెళ్తుంటే ఇంకొకరు ఇంటికి బయల్దేరుతారు. వేళలను ఆఫీసులకు కాక షిఫ్టులకు సరిపోయేలా పెడితే రెండువైపులా ప్రయాణికులు దొరుకుతారు.

ఇక ప్రధాన దారి ఎలాగూ ఉంది. ప్రతి శివారు బస్సూ నగరం నడిబొడ్డు దాకా రానక్కర్లేదు. బీఆర్‌టీఎస్ స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి, ఒకవైపు 15 నిమిషాలు, చివర్లలో ఐదేసి నిమిషాల విరామం అనుకుంటే, నాలుగు బస్సులతోనే పది నిమిషాలకొకటి నడపొచ్చు. దీనికి రెండు షరతులు: బస్సు మారినందుకు మళ్లీ డబ్బు కట్టే పని ఉండకూడదు, మారే చోట నీడా వెలుతురూ ఉండాలి. రూ.25తో రోజంతా తిరిగే 'సుమన్ ప్రవాస్' టికెట్‌ను సిటీలింక్ ప్రవేశపెట్టింది కాబట్టి మొదటి షరతుకు దారి ఉన్నట్టే.

తెలుగు రాష్ట్రాల్లో నగర బస్సులను ఆర్టీసీలు నడుపుతాయి. వాటి నష్టాన్ని దూరప్రాంత సర్వీసుల రాబడి కొంత సర్దుతుంది. సూరత్ నగరపాలక సంస్థకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, ఎందుకు అన్నది ఏటా బడ్జెట్‌తో పాటే బయటపెట్టాలి. అప్పుడు బస్సు రాని ఊరివాళ్లు కనీసం కారణం అడగగలుగుతారు. గంటకో బస్సుతో అందరినీ సర్దిచెప్పే పద్ధతిలో ఆ ప్రశ్నకు చోటే ఉండదు.