రూపాయి విలువ తగ్గితే రైతు లెక్క ఏమవుతుంది?

విదేశీ ద్రవ్యంతో పోల్చి స్వదేశీ ద్రవ్యం విలువను ప్రభుత్వమే తగ్గించడాన్ని మూల్యన్యూనీకరణం అంటారు. మన దేశంలో 1949లోనూ, 1966లోనూ జరిగిన ఈ చర్య 1991 జూలై 1, 3 తేదీలలో రెండు విడతలుగా మరల జరిగింది. కువైట్ సంక్షోభం వలన చమురు ఖర్చు పెరిగి, మన విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే చాలే స్థితి అది. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల వద్ద కుదువబెట్టింది. నగలు తాకట్టుపెట్టి విత్తనాలు కొన్న రైతుకు ఈ దుస్థితిని వేరుగా వివరించనవసరం లేదు.

ఇక్కడ ఒక లెక్కను మీరు జాగ్రత్తగా గమనించాలి. సుమారు 21 రూపాయలున్న డాలరు 26 రూపాయల దరిదాపులకు చేరింది. రూపాయి విలువ 19 శాతం తగ్గిందని పత్రికలు వ్రాశాయి. కాని వేయి డాలర్ల సరుకుకు 21,000 బదులు 26,000 రూపాయలు చెల్లించాలి; అనగా కొనేవానిపై భారం దాదాపు 24 శాతం.

ఈ భారం పొలానికి ఎరువుల ద్వారా వచ్చింది. పొటాష్ మనకు పూర్తిగా దిగుమతే. డి.ఎ.పి.కి కావలసిన ముడి సరుకులలో అధిక భాగం కూడా అంతే. సబ్సిడీ భారం మోయలేక 1992 ఆగస్టులో ప్రభుత్వం వీటి ధరలపై నియంత్రణ తొలగించగా, యూరియా మాత్రం నియంత్రణలోనే ఉండిపోయింది. రైతులు చౌకైన దానినే ఎక్కువగా వాడారు. దేశంలో నత్రజని, భాస్వరం, పొటాష్‌ల వాడకపు నిష్పత్తి ఒక్క ఏడాదిలో 5.9:2.4:1 నుండి 9.5:3.2:1కి మారింది. మారకపు రేటు చివరకు భూసారాన్నే తాకిందన్నమాట!

లాభపడేవారు లేకపోలేదు. రొయ్యలు, మిర్చి, పొగాకు ఎగుమతిదారునికి ప్రతి డాలరుకూ అధిక రూపాయలు ముడతాయి. అయితే డాలరు అందేది అతనికి, రైతుకు కాదు. కొనుగోలుదారుల మధ్య పోటీ ఉన్నచోటనే ఆ పెరుగుదలలో కొంత కల్లం వరకు వస్తుంది. స్థానిక మిల్లుకు ధాన్యం అమ్మేవారికి అదీ లేదు. పెరిగిన డీజిలు, ఎరువుల ఖర్చు మాత్రం తప్పదు.

1993 మార్చి నుండి రూపాయి రేటు మార్కెట్టులోనే నిర్ణయమవుతున్నది. ఇప్పుడు ప్రకటనలు ఉండవు, విలువ కొద్దికొద్దిగా జారుతుంది. కనుక పంట రుణానికి వచ్చినపుడు నిరుటి ఖర్చుల పట్టీని తిరిగి వ్రాయకండి. ఎకరాకు రుణ పరిమితిని జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. ఈ ఏటి పరిమితి ఎంతో మీ శాఖలో అడిగి, ఎరువుల నేటి ధరలతో సరిచూసుకొని దరఖాస్తు నింపండి.