త్రిపిటకాలు: రాతకు ముందు బతికిన మాట

అపోహ: బుద్ధుడి పరినిర్వాణం తర్వాత మూడు నాలుగు వందల ఏళ్లకు గానీ త్రిపిటకాలు గ్రంథస్థం కాలేదు. కాబట్టి వాటిలో ఆయన బోధ మిగిలి ఉండే అవకాశమే లేదు.

వాస్తవం: కాలం లెక్క సరైనదే. క్రీ.పూ. 1వ శతాబ్దంలో, వట్టగామణి అభయుడి పాలనలో, సింహళ భిక్షువులు పాళీ పిటకాలను గ్రంథస్థం చేశారని అక్కడి వంశచరిత్రలు చెబుతున్నాయి. పొరపాటంతా ఆ లెక్క మీద కట్టిన ఊహలో ఉంది. రాత లేకపోతే మాటను ఎవరికి తోచినట్టు వారు మార్చేసుకుంటారని అనుకుంటాం. కానీ సంఘం ధారణను ఒక్కొక్కరి ఇష్టానికి వదిలేయలేదు. సుత్తపిటకంలోని దీఘనికాయాన్ని ఒక వర్గం, మజ్ఝిమనికాయాన్ని మరో వర్గం బాధ్యతగా వల్లెవేసేవి. వీరే భాణకులు. పదిమంది కలిసి వల్లిస్తుంటే ఒకరు మాట తప్పినా పక్కవారికి తెలిసిపోతుంది. ఇప్పటి పాఠకుడికి విసుగు పుట్టించే సుత్తాల (బుద్ధుడి ఉపదేశాల) పునరుక్తి ఆ ధారణ కోసం వచ్చిందే. ఈ పద్ధతి తెలుగు నేల మీదా సాగింది. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, నాగార్జునకొండ మహాచైత్యం పని పూర్తిచేయించిన భదంత ఆనందుణ్ని అక్కడి శాసనం దీఘ, మజ్ఝిమ నికాయాలను ధరించినవాడిగా పేర్కొంది.

వల్లెవేశారు సరే, మారలేదనడానికి రుజువేమిటని అడగడం న్యాయమే. గట్టి రుజువు చైనాలో దొరుకుతుంది. మజ్ఝిమనికాయానికి సాటి అయిన మధ్యమాగమం 397–398లో, దీఘనికాయానికి సాటి అయిన దీర్ఘాగమం 413లో చైనా భాషలోకి వచ్చాయి. మొదటిది సర్వాస్తివాదులదని, రెండోది ధర్మగుప్తకులదని పండితుల అభిప్రాయం. ఈ శాఖలు సింహళ థేరవాదానికి ఎంతో దూరంలో, తమ దారిన తాము పెరిగాయి. అయినా ఆర్యసత్యాలు, అష్టాంగమార్గం, ప్రతీత్యసముత్పాదం రెండువైపులా ఒకటే. సుత్తాల వరుసలో, సంభాషణ జరిగిన ఊళ్లలో, వివరాల్లో తేడాలున్నాయి. ఒకరిది చూసి మరొకరు రాసుకుంటే వచ్చే తేడాలు కావవి. ధారణలో దొర్లేవి.

అలాగని ప్రతి అక్షరమూ బుద్ధుడి నోట వచ్చిందేననడం మరో అపోహ. శాఖల మధ్య పోలిక అనే ఇదే కొలతకు అభిధమ్మపిటకం నిలవదు. థేరవాదుల ఏడు గ్రంథాలు వేరు, సర్వాస్తివాదుల ఏడు వేరు. శాఖలు విడిపోతున్న కాలంలో, విడిపోయాక ఎవరికి వారు కూర్చుకున్నవే వాటిలో ఎక్కువ. సుత్తపిటకంలోనూ తర్వాతివి చేరాయి. ఆ సంగతిని సంఘం దాచలేదు కూడా. మజ్ఝిమనికాయంలోని గోపకమొగ్గల్లాన సుత్తం, బుద్ధుడు పరినిర్వాణం చెందిన కొద్దికాలానికి రాజగృహంలో జరిగిన సంభాషణనని మొదట్లోనే చెప్పేస్తుంది. అందులో ప్రశ్నలకు బదులిచ్చేది బుద్ధుడి శిష్యుడైన ఆనందుడు.