చీకటి పుర్రెలో నల్లని ఏరు

రాత్రంతా కురిసి వెలిసిన తొలకరి వాన. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కులో తడిసి నల్లబడ్డ రాతిగుండ్ల సందుల్లోంచి మట్టివాసన కమ్మగా లేస్తోంది. తుప్పల మాటున నెమలి నీలాల మెడ సాచితే అందరి కళ్లూ అటే. నా చూపు మాత్రం బండ కింద బెదురుబెదురుగా మూతి బయటపెట్టిన పందికొక్కు దగ్గర ఆగింది. తడితడి ముక్కు, సన్నని మీసాలు, క్షణమైనా ఆగని వణుకు. దీన్ని మెచ్చుకున్నవాళ్లు ఎవరుంటారు! కానీ దాని చుట్టమైన ఎలుక తలలో సాగే యాత్ర తెలిస్తే మెచ్చుకోక తప్పదు.

ఎదిగిన ఎలుక మెదడులోనూ, నీరు నిండిన లోలోపలి గదుల గోడల వెంట రోజూ వేల పసి నాడీకణాలు పుడతాయి. పుట్టినచోట నిలవవు. ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, చీమల బారులా, మెత్తని సొరంగంలోంచి పాకుతూ పోతాయి. గమ్యం ముక్కు వెనకున్న వాసనల గూడు. దూరం కొన్ని మిల్లీమీటర్లే, నడక మాత్రం రోజుల తరబడి. చేరాక బారు విడిపోతుంది. ఒక్కో కణం లేలేత కొమ్మలు చాచి, పాతవాటి నడుమ చోటు చేసుకుంటుంది.

శాస్త్రవేత్తలు ఎరిక్ షాపిరో, అలన్ కొరెట్‌స్కీల బృందం ఈ యాత్రను 2006లో ప్రాణంతో ఉన్న ఎలుకలోనే ఎంఆర్ఐతో చూపించింది. మైక్రాన్ సైజు ఐరన్ ఆక్సైడ్ పూసలను సూదితో మెదడు గదిలోకి వదిలారు. పసికణాలు వాటిని మింగి, మోసుకుంటూ బయల్దేరాయి. ఇనుము ఉన్నచోట అయస్కాంత క్షేత్రం చెదిరి, సంకేతం ఆరిపోతుంది. అందుకే ముత్యపు ఛాయల, బూడిద నీడల ఆ మెదడులో నల్లని ఏరొకటి కనిపిస్తుంది. మొదట గది అంచున మరక, ఆపైన ముందుకు సాగే సన్నని చార, చివరికి వాసనల గూట్లో చెదిరిన చుక్కలు. పక్కనే ఫిల్మ్‌నగర్‌లో ఒక్క ముఖం మెరవాలంటే ఎన్ని లైట్లు! ఇక్కడ పాత్రధారిని పట్టి చూపేది చీకటే.

ఇనుప పూసలు లేని మామూలు ఎంఆర్ఐకి ఈ చూపు ఉండదు. 2019లో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ 100 మంది భారతీయుల ఎంఆర్ఐలతో మెదడు పటం గీసింది. అందులో మెదడు రూపురేఖలే తప్ప కణాలు కనిపించవు.

అలాగని ఎలుక మెదడులో కనిపించిన ఆ నలుపును పూర్తిగా నమ్మేయకూడదు. కణం చచ్చినా పూస మిగులుతుంది. శిథిలాలు ఊడ్చే మరో కణం దాన్ని మింగినా తెరమీద అదే చుక్క. అందుకే చివరికి మెదడును పొరలుగా కోసి, రంగులద్ది, ఏ చుక్కలో నాడీకణం ఉందో మైక్రోస్కోపు కింద సరిచూసుకుంటారు.