పుణె ఫోనూ, పదిహేను మంది ఆటగాళ్లూ

మా అబ్బాయి ఉద్యోగరీత్యా పుణె వెళ్లాక మా ఫోను మాటలు "తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది" దగ్గరే ఆగిపోయేవి. ఇప్పుడు శనివారం వస్తే గంటసేపు వాదులాటే! ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ వారి ఫ్యాంటసీ ఫుట్‌బాల్ చలవ అది.

ఇందులో ప్రతివారికీ 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి సొమ్ము ఇస్తారు. దాంతో 15 మంది ఆటగాళ్లను కొనుక్కోవాలి. ఏ క్లబ్బు నుంచీ ముగ్గురికి మించరాదు. మైదానంలో వాళ్లు నిజంగా ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు. ఫార్వర్డ్ గోలు కొడితే 4, డిఫెండర్ కొడితే 6. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడి పాయింట్లు రెట్టింపు. మనం పైసా కట్టనక్కరలేదు. (డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన దేశంలో 2025 చట్టం నిషేధించింది. మాకెప్పుడూ ఆ జోలి లేదు.)

గోలు కొట్టినవాణ్ణి తప్ప ఇంకెవరినీ పట్టించుకోని నేను, ఇప్పుడు డిఫెండర్లనే చూస్తున్నాను. కనీసం 60 నిమిషాలు ఆడి, తానున్నంతసేపూ గోలు పడనివ్వకపోతే డిఫెండరుకూ, గోల్‌కీపరుకూ 4 పాయింట్లు. పట్టికలో అడుగున ఉన్న జట్టు గోల్‌కీపర్ కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న రోజులున్నాయి!

మావాడు లివర్‌పూల్ అభిమాని. కొన్నదేమో ఆర్సెనల్ డిఫెండర్‌ని. ఆ రెండు జట్లూ తలపడిన రోజున ఎవరు గెలవాలని కోరుకోవాలో వాడికే తెలియలేదు.

వారం వారం మొదటి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందే మార్పులకు గడువు ముగుస్తుంది. మొన్నొకసారి నేను మరిచిపోతే వాడే ఫోను చేశాడు: "నాన్నా, నీ కెప్టెన్‌కి దెబ్బ తగిలింది, మార్చు." మార్చాను. ఆ వారం వాణ్ణి 3 పాయింట్ల తేడాతో ఓడించాను.