నికరాగ్వాలో నవలాకారుడు

సల్మాన్ రష్దీ 1986 జూలైలో నికరాగ్వాకేగి మూడు వారములు సంచరించి, మరుసటి యేట ‘ది జాగ్వార్ స్మైల్’ అను యాత్రాగ్రంథమును ప్రకటించెను. సాండినిస్టాలు విజయము గాంచి అప్పటికి ఏడేండ్లు. కాంట్రాలకు అమెరికా ఆయుధములును ధనమును సమకూర్చుట అంతర్జాతీయ న్యాయమునకు విరుద్ధమని హేగ్ న్యాయస్థానము ఆ జూన్ 27వ తేదీననే తీర్పు చెప్పియుండెను.

రష్దీ సాండినిస్టాల అతిథియే. సానుభూతియు వారిపట్లనే. అయినను ‘లా ప్రెన్సా’ పత్రికను మూయించుటను ఆయన సమర్థింపలేదు. గ్రంథమున కెల్ల విలువ నిచ్చునది ఈ ఘట్టమే. కవుల ముచ్చటలు కొంత సాగినవి. ఆపత్కాలమను సాకు మనకును క్రొత్త కాదు: 1975లో పత్రికలకు కత్తెర పడెను, వాజపేయి, అద్వానీలు బెంగళూరు చెరసాలలో నుండిరి.

ఆనాడు రష్దీ కలసికొనిన ఉపాధ్యక్షుడు సెర్హియో రామిరెస్ తానును నవలాకారుడే. ఓర్తెగా ప్రభుత్వము 2023లో ఆయన పౌరసత్వమును హరించెను. ‘లా ప్రెన్సా’ కార్యాలయమును 2021లోనే పోలీసులు ఆక్రమించియుండిరి.