మోటారుబండికి జీర్ణోద్ధరణము

జీర్ణోద్ధరణమనగా మనకు దేవాలయములే జ్ఞప్తికి వచ్చును. పాతగుడికి సున్నము కొట్టి, స్తంభములకు నూనెరంగులు పూసి, శిల్పముల కనుముక్కు తీరు మాపివేసి, "క్రొత్తగుడివలె నున్నది" యని సంతసించువారిని చూచుచునే యున్నాము. ఇదే తగవు ఇంగ్లండులో పాత మోటారుబండ్ల విషయమునను గలదని చదివినప్పుడు నాకు నవ్వు వచ్చెను. చదివినకొలది నవ్వు పోయెను.

అబింగ్డన్ అను ఊర ఎం.జి. కంపెనీవారు 1945 మొదలు 1949 వఱకు టి.సి. అను చిన్న స్పోర్ట్సుకారులను సుమారు 10,000 చేసిరి. ఇద్దఱు కూర్చుండుటకు చోటు, సన్నని ఊచల చక్రములు, ముందునకు వాల్చుటకు వీలైన అద్దము, 1250 సి.సి. ఇంజను. పైకి ఉక్కురేకుగా కన్పట్టునుగాని, ఆ రేకును లోపల మోయునది ఆష్ అను చెట్టుకఱ్ఱతో చేసిన చట్రము. తేమ తగిలినచో మన వాకిటి ద్వారబంధమువలె అదియు పుచ్చును. కావున ఈ బండిని బాగుచేయువానికి వడ్రంగమును రావలెను.

ఇచ్చటనే త్రోవలు చీలుచున్నవి. కఱ్ఱ నంతయు పెఱికి, క్రొత్తచట్రము బిగించి, అద్దమువలె మెఱయు రంగు వేయించుట యొకటి. పుచ్చిన మేర మాత్రమే కోసి, ఆ జాతి కఱ్ఱనే అతికి, తక్కినదానిని ఉన్నదున్నట్లు నిలుపుట రెండవది. ఈ రెండవ త్రోవవారు ఒక్కొక్క భాగమును విప్పుటకు ముందు ఛాయాచిత్రము తీసికొందురు. విప్పినదానికి చీటి కట్టుదురు. రంగును గీకక, మురికి కడిగి, మూల నొకచోట మెఱుగు పరీక్షించి చూతురు. పగిలిన తోలునకు వెనుక గుడ్డ అతికి నిలుపుదురు. బ్రేకులు, టైర్లు, విద్యుత్తు తీగెల విషయమున మాత్రము పాతదనము పట్టుపట్టరాదు. అది ప్రాణములతో పని. ఆ తీగెలను సైతము నూలు అల్లిన పాతపద్ధతి తొడుగుతో ఇప్పుడును చేయుచున్నారు.

ఈ ఇంజను బోల్టుల సంగతి విచిత్రము. మరచుట్లు మిల్లీమీటరు కొలతవి. తలలు ఆంగ్లేయుల పాత విట్వర్తు కొలతవి. మా పిల్లలు ఇది విని, "అయితే వినాయకుడే!" యనిరి. తొందరపాటువాడు చేతికందిన బోల్టును బలిమిని బిగించిన, ఇంజనులోని మర చెడును. చెడినది మరల రాదు.

పోయినది మరల రాదన్నది నే నెఱిగిన సంగతియే. మా తండ్రిగారు తమ భారతము అంచులయందు ముప్పది యేండ్లు టిప్పణులు వ్రాసికొనిరి. అట్టలు ఊడినవని బైండుచేయువానికి నే నిచ్చితిని. అతడు చక్కగా కుట్టి, నాలుగు వైపుల సమముగా కోసి, బంగారుగీతలతో తెచ్చి యిచ్చెను. పుస్తకము ముచ్చటగా నున్నది. తండ్రిగారి చేతివ్రాతలో సగము లేదు.

ఎంత మార్చినను బండి ఆ బండియేనా? ఫ్రాన్సులోని ల మాన్ పందెమున 1929, 1930 సంవత్సరములలో గెలిచిన "ఓల్డ్ నంబర్ వన్" అను బెంట్లీకారును గూర్చి 1990లో లండను హైకోర్టున ఇదే వ్యాజ్యము నడచెను. కోటి పౌనుల బేరము. 1929 నాటి భాగములు బహుస్వల్పముగా మిగిలినవని కొన్నవారి వాదము. చరిత్ర ఎడతెగక సాగినది గనుక అది ఆ బండియేయని న్యాయమూర్తి తీర్పు చెప్పెను. పేరునకు అది చాలును. చేతిపనికి చాలునా యని నా సందేహము.

నిదానపు త్రోవవారిలో కోసివేసిన పుచ్చుకఱ్ఱకును చీటి కట్టి పెట్టెలో దాచువా రున్నారట. నేను ఆ బైండుచేయువాని కొట్టుకు మఱునాడే పోయితిని. కత్తిరింపులను అంతకుముందే పొయ్యిలో వేసి యుండిరి.