కొండసేద్యము: ఎత్తు, వాలు, పంట

చలికాలమున విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు ప్రయాణికులు తీరమున పలుచని చొక్కాతో బయలుదేరి, కొండపైకి చేరునప్పటికి దుప్పటి కప్పుకొందురు. నడుమ దూరము నూరు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. అక్షాంశమున చెప్పుకోదగిన భేదము లేదు. మారినది ముఖ్యముగా ఎత్తు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. దక్కను పీఠభూమిపై నున్న హైదరాబాదు ఎత్తు సుమారు 540 మీటర్లు మాత్రమే.

కొండ ఎక్కినకొలది సూర్యునకు దగ్గరగుదుము గదా, వేడిమి హెచ్చవలదా అని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. అందులో ఒక కిలోమీటరు లెక్కలోనికి రాదు. గాలిని ముఖ్యముగా వేడిచేయునది నేల. నేలను తాకి వేడెక్కిన గాలి పైకి లేచినప్పుడు, అచ్చట పీడనము తక్కువగుటచే వ్యాకోచించును. ఆ వ్యాకోచమునకు తన శక్తినే వెచ్చించి చల్లబడును. సగటున ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గును. తీరమున 30 డిగ్రీలున్నచో, 1,000 మీటర్ల ఎత్తున సుమారు 23.5 డిగ్రీలుండునని లెక్క కట్టవచ్చును.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో ఈ సూత్రము సేద్యమును శాసించుచున్నది. పెరూ దేశపు రైతు దిగువ లోయలలో మొక్కజొన్నను, 3,500 మీటర్లకు పైగా బంగాళాదుంపను పండించును. అంతకంటె పైన గడ్డిభూములలో లామాలను మేపును. మన తూర్పు కనుమలు అంత ఎత్తైనవి కావు. ఇచ్చటి ఎత్తైన శిఖరములు 1,700 మీటర్లకు లోబడినవే. కావున ఇచ్చట పంటను నిర్ణయించుటలో ఎత్తుతోపాటు వాలునకును పెద్ద పాత్ర కలదు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతముల పొలములను చూడుడు. గెడ్డల ప్రక్కనున్న పల్లములో మెట్లు మెట్లుగా మళ్లు కట్టి వరి నాటుదురు. ఒక మడిలో నిండిన నీరు క్రింది మడిలోనికి దిగును. దానికి పైన, కొద్దిపాటి వాలుగల మెట్టలో చోళ్లు, సామలు, వలిసెలు పండును. వానకాలము చివర వలిసెచేలు పూచినప్పుడు లోయ పసుపు పరచినట్లుండును. ఇంకను పైన, నిటారు వాలులో పోడు.

పోడులో పొదలను నరికి, ఎండిన పిమ్మట కాల్చి, తొలకరికి పలురకముల విత్తనములు కలిపి చల్లుదురు. బూడిదలోని పొటాషియము, కాల్షియము మొదలగు లవణములు నేలకు తాత్కాలికముగా బలమిచ్చును. రెండు మూడు సంవత్సరములలో ఆ బలము తరిగిపోవును. అప్పుడు ఆ చోటును విడిచి వేరొకచోటికి పోవుదురు. విడిచిన నేలపై అడవి తిరిగి పెరుగుటకు చాల ఏండ్లు చిక్కినంతకాలము ఈ పద్ధతి నిలిచినది. జనులు పెరిగి, భూమి చాలక, విశ్రాంతికాలము తగ్గినచోట ప్రతి వానకు పైమట్టి కొట్టుకొనిపోవును. ఒక అంగుళము మట్టి ఏర్పడుటకు వందల ఏండ్లు పట్టును.

ఈ చిక్కునకు కాఫీ ఒక పరిష్కారముగా వచ్చినది. అరబికా కాఫీకి చల్లని ఎత్తు, నీరు నిలువని వాలు, చెట్ల నీడ కావలెను. నీడకై సిల్వర్ ఓక్ చెట్లను పెంచి, వాటికి మిరియపు తీగలను ప్రాకింతురు. ఆకులు వానచినుకుల దెబ్బను ఆపును. వేళ్లు మట్టిని పట్టియుంచును. రాలిన ఆకులు ఎరువగును. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

అయినను ఒక విషయము మరువరాదు. కాఫీమొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగు ఏండ్లు పట్టును. పోడులో పండిన చోళ్లు, సామలు నేరుగా కుండలోనికి చేరును. కాఫీగింజ అమ్ముడైన పిదపనే అన్నమగును. ప్రపంచ విపణిలో ధర పడినచో ఆ దెబ్బ కొండవాని ఇంటికి తగులును. కావున వాలున చెట్టు, మెట్టలో చిరుధాన్యము, పల్లములో వరి, ఈ మూడును కలిసియున్న కుటుంబమే నిబ్బరముగా నిలువగలదు. ఆండీస్ రైతులు వేర్వేరు ఎత్తులలో పొలములుంచుకొనుటలోని కిటుకు గూడ ఇదియే: ఒక పంట పోయినను మరియొకటి ఆదుకొనును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. రెండు పళ్లెములలో సమానముగా మట్టి నింపి, ఒకదానిలో గడ్డి మొలిపించుడు. రెంటిని ఒకే వాలున నిలిపి, పూలమొక్కలకు నీరు చల్లు డబ్బాతో సమానముగా నీరు పోయుడు. దిగువకు జారిన నీటిని రెండు గాజుపాత్రలలో పట్టి, ఒక రాత్రి కదపక ఉంచుడు. మరునాడు ఏ పాత్ర అడుగున ఎంత మట్టి పేరుకొన్నదో విద్యార్థులచే కొలిపించుడు.